పది పెట్టెలు, ముప్పై అడుగులు

ఇది ఒక మహాయుద్ధం కథ. పదిమంది రాణులు, పది కోటలు, లెక్కకు అందని సైన్యం, రెండు రాజ్యాల నడుమ ఒక గోడ. గోడకు అటువైపు తెల్లటి వస్త్రాలు ధరించిన వృద్ధ వీరుడు. ఇటువైపు ఆయుధం పట్టడం చేతకాని ఒక తల్లి. మధ్యలో కొలతల టేపు పట్టుకుని దిగిన రాజప్రతినిధి. ఒక్క పగటిపూటలో సర్వనాశనం.

ఇలా మొదలెడితే బాగుంటుందని రెండు కాగితాలు రాసి చించేశాను. జరిగింది అంత లేదు. పక్కింటి మాస్టారి పంచె మీద పసుపు చుక్కలు పడ్డాయి. అంతే. అయినా తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది గనక మొత్తం చెబుతాను.

మాది గోదారి వైపు, కొత్తపేటకు దగ్గర్లో ఒక పెద్ద పంచాయతీ. రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. నాకు ఇరవై ఒకటి. డిగ్రీ అయిపోయి, ఉద్యోగం రాక, సంబంధం కుదరక, ఇంట్లో అందరికీ ఉచిత సలహాలు ఇచ్చే పనిలో ఉండేదాన్ని. ఇంట్లో అందరూ అంటే అమ్మ ఒక్కతే. నాన్న మస్కట్‌లో క్రేన్ నడిపేవారు.

అమ్మకు తేనెటీగలను గవర్నమెంటు అంటగట్టింది. ఒక ఏడాది పి.గన్నవరంలో ఆడవాళ్ళకు మూడు రోజుల శిక్షణ పెట్టి, ఆఖరి రోజున ఇరవై మందికి తలో తేనె పెట్టె ఇచ్చి ఫోటో తీసి పంపించారు. మిగతా పంతొమ్మిది పెట్టెల్లో ఒకదాంట్లో కోడి గుడ్లు పొదిగింది. ఒకటి దేవుడి పటాల కింద పీటయింది. ఒకదాంట్లో వడియాలు నిలవ ఉండేవి, అవి మాత్రం చాలా బాగుండేవి. అమ్మ ఒక్కతే శిక్షణలో చెప్పింది చెప్పినట్టు చేసింది. ఎందుకంటే ఎవరేం చెప్పినా చెప్పినట్టు చెయ్యడం ఆవిడకు పుట్టుకతో వచ్చిన జబ్బు. ఈ జబ్బు తర్వాత కథలోకి వస్తుంది.

ఆరేళ్ళలో ఒక పెట్టె పదయింది. ఈగలు బాగా పెరిగినప్పుడు పట్టు కట్టిన చట్రాల్లో సగం తీసి కొత్త పెట్టెలో పెడితే అవే ఇంకో రాణిని చేసుకుంటాయి. మా వీధిలో ఇంకెవరూ కుటుంబాన్ని అంత గొడవ లేకుండా విడదీసుకోలేదు. జామచెట్టు నీడలో, పక్కింటి గోడ వారగా, పది స్టాండ్ల మీద పది పెట్టెలు ఉండేవి. చీమలు ఎక్కకుండా ఒక్కో స్టాండు కాళ్ళ కింద నాలుగు కొబ్బరి చిప్పలు, వాటిలో నీళ్ళు. రోజూ పొద్దున్నే నలభై చిప్పలూ నింపడం అమ్మ పని, ఎలా నింపాలో చెప్పడం నా పని.

"కొబ్బరితోటలో పెట్టుకోవచ్చుగా?" అని చాలామంది అడిగారు. మా తోట లంకలో ఉంది. గోదారి పొంగితే చెట్ల మొదళ్ళు మునుగుతాయి, పొంగకపోతే దొంగలు పడతారు. ఇంటి దొడ్డి తప్ప వాటికి వేరే చోటు లేదు.

మా ఇంట్లో కిటికీ తెర ఏ రంగు కొనాలన్నా మస్కట్‌కు ఉత్తరం రాసి జవాబొచ్చే దాకా ఆగే ఆవిడ మా అమ్మ. ఆ పది పెట్టెల దగ్గర మాత్రం ఎవరినీ అడిగేది కాదు. కొబ్బరి పీచు ముట్టించిన డబ్బా చేత్తో పట్టుకుని, మూత తీసి, పొగ ఊది, చట్రం ఎత్తి ఎండకు చూసేటప్పుడు ఆవిడ మొహం వేరేగా ఉండేది. అది పెద్దాఫీసరు మొహం. ఊళ్ళో పిల్లలకు దగ్గొస్తే "ఈగల పిన్నిగారి దగ్గరికెళ్ళి చెంచాడు తేనె పట్టుకురా" అనేవారు. ఫలానా ఆయన భార్య, ఫలానా ఆయన కోడలు కాకుండా అమ్మకంటూ ఒక పేరు వచ్చింది ఆ ఈగల వల్లే. పోయేదేమైనా ఉంటే అదే.

ఇక పక్కింటి మాస్టారు. రిటైరైన హెడ్మాస్టారు. ఊళ్ళో సగం మందికి చదువు చెప్పినవారు, మిగతా సగం మంది ఆయన దెబ్బకు చదువు మానేసినవారు. ఎప్పుడూ తెల్ల పంచె, తెల్ల లాల్చీ. ఆ బట్టలు ఆరేసే తీగ సరిగ్గా మా గోడ అవతల ఉండేది. తేనెటీగ చాలా శుభ్రమైన జీవి. పెట్టెలో మైల చెయ్యదు. పొద్దున్నే బయటికొచ్చి, ఎగురుతూ, గాల్లో ఆ పని కానిచ్చుకుంటుంది. అది ఆవగింజంత పసుపు చుక్క. అలాంటివి మాస్టారి పంచెల మీద పడేవి. మాస్టారి భార్య వాటిని ఇత్తడి అండాలో సోడా వేసి కుతకుతా ఉడికించేవారు. ఉడికేకొద్దీ చుక్కలు ముదిరి పసుపుకొమ్ము రంగుకు తిరిగేవి.

ఒకరోజు మాస్టారు ఒక పంచె మడత పెట్టి చంకన ఇరికించుకుని మా అరుగు మీదికి వచ్చారు. విప్పి చూపించారు. ప్రతి చుక్క చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఉంది. మొత్తం పదిహేడు. ముప్పై ఏళ్ళు పరీక్ష పేపర్లు దిద్దిన చెయ్యి మరి, తప్పు కనబడితే ఊరుకోదు.

"చెల్లెమ్మా, పంచాయతీకి అర్జీ పెడుతున్నాను. పక్కింటివాళ్ళకి తెలీకుండా పెట్టడం మర్యాద కాదు కదా? అందుకని ముందు నీకు చదివి వినిపిద్దావని వచ్చేను."

"ఆయ్, కూర్చోండన్నయ్యగారూ. కాఫీ తాగుతా చదూదురుగాని," అంది అమ్మ.

ఆయన కాఫీ తాగి, గొంతు సవరించుకుని చదివారు. "జనావాసముల నడుమ విషకీటక సముదాయమును పోషించుచు, తద్ద్వారా ఆకాశమార్గమున మలవిసర్జన గావింపజేయుచున్న..." అని సాగింది. ఆ గావింపజేయుచున్న మనిషి ఎదురుగా పళ్ళెం పట్టుకుని, ఆయన కప్పు ఎప్పుడు కిందపెడతారా అని చూస్తోంది.

"ఎలా ఉందమ్మా?" అన్నారు చదవడం అయ్యాక.

"చాలా బావుందండీ," అంది అమ్మ.

నేను ఊరుకోలేదు. "మాస్టారండీ, మా ఈగలు మరీ అంత గ్రాంథికంలో వెళ్తాయని నాకు తెలీదండీ."

"నీ నోటికున్న చురుకు లెక్కల్లో ఉండుంటే ఈపాటికి బాంకు ఉద్యోగం చేసేదానివే. సర్లే, నీ దస్తూరి బావుంటది గదా, ఇది ఓ మంచి కాపీ రాసి పెట్టు. నాకు చెయ్యి వణుకుతోంది."

నేను అమ్మ వైపు చూశాను.

"రాసి పెట్టవే. పెద్దాయన అడుగుతున్నారు," అంది.

రాశాను. మా అమ్మ మీద పెట్టిన అర్జీని, మా అరుగు మీద కూర్చుని, మా కలంతో, గుండ్రటి అక్షరాలతో నేనే రాశాను. అది పెద్ద జోకని కూడా అనుకున్నాను అప్పుడు. స్నేహితురాళ్ళకు చెప్పి నవ్వించాను. మాస్టారు వెళ్తూ వెళ్తూ తేనె సీసా పట్టుకెళ్ళారు, తేనె తీసిన ప్రతిసారీ ఆయన వాటా ఒకటి ఉండేది. రెండు రోజులకు సీసా శుభ్రంగా కడిగి పంపారు. ఉత్త సీసా పంపకూడదు కాబట్టి దానితో నాలుగు నిమ్మకాయలు కూడా పంపారు. మా వైపు మనుషులు గొంతు కోసినా కింద గుడ్డ పరిచి కోస్తారు.

పదిహేను రోజుల తర్వాత పొద్దున పదింటికి పంచాయతీ ఈవోగారు స్కూటరు మీద వచ్చారు. వెనకాల బంట్రోతు, వాడి ఒళ్ళో కొలతల టేపు, నిబంధనల పుస్తకం. మాస్టారు గోడ చుట్టూ తిరిగి సాక్షిగా వచ్చి నిలబడ్డారు. ఈవోగారు జామచెట్టు కింద కుర్చీ వేయించుకుని పుస్తకం తిరగేశారు.

"పందులున్నాయి. గాడిదలున్నాయి. పిచ్చికుక్కలున్నాయి. ఈగల్లేవేంటండీ?"

"దోమలున్నాయేమో చూడండి సార్," అన్నాడు బంట్రోతు.

"దోమల్ని ఎవడైనా పెంచుతాడేంట్రా?"

"మన పంచాయతీ పెంచుతోంది కదండీ, మురుక్కాలవలో," అన్నాను నేను. అమ్మ నా మోచెయ్యి గిల్లింది.

ఈవోగారు పుస్తకం మూసేశారు. "చూడండమ్మా, రూలుంటే మీరు పాటించేవారు, గొడవుండేది కాదు. లేదు కాబట్టి ఇప్పుడు నేను రాయాల్సొస్తోంది." అక్కడికక్కడే తెల్లకాగితం తీసి రాశారు. నివాస ప్రాంతంలో ఈగల పెట్టెలు పొరుగువారి గోడకు ముప్పై అడుగుల దూరంలో ఉండవలెను.

"ముప్పై అడుగులే ఎందుకండీ?" అని అడిగాను.

"టేపు అక్కడి దాకానే ఉందండీ. ఆపైన తెగిపోయింది," అన్నాడు బంట్రోతు. వాడొక్కడే ఆ రోజు నిజం చెప్పినవాడు.

గోడ నుంచి ముప్పై అడుగులు కొలిస్తే గొడ్లపాక వెనక, పొలాలకు నీళ్ళు పారే పంటబోదె గట్టు మీద తేలింది. అమ్మ ఆ చోటు చూసింది, పెట్టెల వైపు చూసింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. తేనెటీగకు పెట్టె గుర్తుండదు, చోటు గుర్తుంటుంది. పొద్దున్నే బయటికెళ్ళిన ఈగ కొబ్బరిపూత మీద తిరిగి, సరిగ్గా తను బయల్దేరిన చోటికే వస్తుంది. పెట్టెను నాలుగైదు గజాలు పక్కకు జరిపారా, అది పాత చోటే వెతుక్కుంటూ గాల్లో తిరుగుతుంది. కళ్ళెదురుగా ఉన్న సొంత ఇంటికి వెళ్ళదు. అందుకని జరపాలంటే రోజుకు ఒకటి రెండు అడుగుల చొప్పున జరపాలి. లేదా మూడు మైళ్ళ అవతలికి తీసుకెళ్ళిపోవాలి. శిక్షణలో మొదటి రోజు చెప్పిన పాఠం ఇది.

"అది కాదండీ, ఒక్క పదిహేను రోజులు టైమిస్తే..." అంది అమ్మ.

"పదిహేను రోజులేంటమ్మా?"

"రోజుకి రెండడుగులు చొప్పున జరపాలండీ, లేపోతే వాటికి..."

"రోజుకి రెండడుగులా! ఏవండీ, పెళ్ళికూతుర్నేవన్నా పీటల మీదికి తీసుకెళ్తున్నారా? నలుగురం ఉన్నాం. తలో చెయ్యేస్తే పావుగంట పని."

"కాదండీ, అవి మళ్ళీ పాత చోటికే..."

"చెల్లెమ్మా," అన్నారు మాస్టారు మెల్లగా, మందలించినట్టు. "ఆఫీసరుగారు స్వయంగా వచ్చి కూర్చున్నారు. ఎండలో."

ఆయన కూర్చున్నది నీడలో. మా జామచెట్టు నీడలో, మా కుర్చీలో, మా కొబ్బరిబొండం తాగుతూ.

అమ్మ కొంగు భుజం మీదికి లాక్కుంది. "ఆయ్. అలాగేనండి," అని, ఆయన చూపించిన చోట సంతకం పెట్టింది.

ఆ ఆయ్ నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. మా వైపు మాట తీపి అని సినిమా వాళ్ళ దగ్గర్నుంచి బస్సు కండక్టర్ల దాకా అందరూ మెచ్చుకుంటారు. ఆ తీపిలో ఏం కలుస్తుందో నేను చూశాను. ఆరేళ్ళ పని తెలిసిన మనిషి, ఏమీ తెలియని మనిషికి, ఎదురు చెప్పడం బాగుండదని తల ఊపింది. ఆయన మీద ఎంత కోపమో అమ్మ మీద అంతకు రెట్టింపు కోపం నాకు.

నా సంగతేమిటి అంటారా? నాకూ ఆ పాఠం తెలుసు. నేను గట్టిగా అరవొచ్చు. పెట్టెలకు అడ్డంగా నిలబడొచ్చు. నేనేం చేశానంటే, బంట్రోతు ఒకవైపు పట్టుకుంటే రెండోవైపు నేను పట్టుకున్నాను. "ఓహోం ఓహోం" అని పల్లకీ మోసేవాళ్ళలా కూత పెట్టాను కూడా. అందరూ నవ్వారు. ఈవోగారు అయితే బొండం పక్కన పెట్టి మరీ నవ్వారు. ఎదిరించడం చేతకానివాళ్ళకు ఇంట్లో రెండే దార్లు. అమ్మది ఆయ్, నాది జోకు.

పావుగంటలో పది పెట్టెలూ స్టాండ్లతో సహా గట్టు మీదికి చేరాయి. చేరవేసే హడావిడిలో నలభై కొబ్బరి చిప్పలూ జామచెట్టు కిందే ఉండిపోయాయి. ఆ సంగతి ఎవరికీ తోచలేదు.

ఈవోగారు ఖాళీ అయిన చోటికి కుర్చీ జరుపుకున్నారు. అక్కడ నీడ ఇంకా చిక్కగా ఉంది. 'ఆదేశములు అమలు అయినవి' అని రాయడం మొదలెట్టారు. మాస్టారు పక్కనే స్టూలు మీద కూర్చున్నారు. అప్పుడు, కాళ్ళకు పుప్పొడి మూటలు కట్టుకుని, తోటలోంచి ఈగలు ఇంటికి రావడం మొదలెట్టాయి.

మొదట ఒకటి కాగితం మీద వాలింది. తర్వాత పది. తర్వాత లెక్క లేదు. కుర్చీ చేతుల మీద, టేపు మీద, మాస్టారి తెల్లటి భుజాల మీద వాలి గుమ్మం ఎక్కడా అని తడుముకుంటూ తిరిగాయి. అవి ఎవరినీ కుట్టలేదు. మూతి ముందుకు చాచి, రెక్కలు ఆడిస్తూ, వెతికాయి. అంతలో బంట్రోతు తువ్వాలు విసిరాడు. మహాయుద్ధంలో మొత్తం గాయాలు మూడు. ఈవోగారికి మెడ మీద రెండు, మాస్టారికి చెవి మీద ఒకటి. ఎవరూ పరిగెత్తలేదు. మర్యాదస్తులు కదా, లేచి కొంచెం వేగంగా నడిచారు.

అమ్మ గట్టు మీదికి పరిగెత్తి ఒక పెట్టె ఎత్తి రెండు చేతులతో పొదివి పట్టుకుని వెనక్కి రాబోయింది. నేను ఇంకోటి పట్టుకున్నాను. ఈవోగారు వీధి గేటు దగ్గర ఆగి, మెడ రుద్దుకుంటూ, "మళ్ళీ అక్కడికి తెస్తే నోటీసివ్వాల్సొస్తదమ్మా. సంతకం కూడా పెట్టేరు," అన్నారు.

అమ్మ అడుగు మధ్యలో ఆగిపోయింది. పెట్టె చేతిలో ఉంది. చుట్టూ ఈగలు తిరుగుతున్నాయి.

"అమ్మా, రా. ఆయనెళ్ళిపోయాక ఎవడు చూస్తాడు?" అన్నాను.

"సంతకం పెట్టేసేనే," అని పెట్టెను వెనక్కి తీసుకెళ్ళి గట్టు మీద పెట్టేసింది.

సాయంత్రానికి దారి తెలియని ఈగలన్నీ గోడను పట్టుకుని గుత్తులు గుత్తులుగా వేలాడాయి. అమ్మ ఖాళీ చట్రాలు తెచ్చి, చేత్తో మెల్లగా తోసి రెండు గుత్తులు ఎక్కించుకోగలిగింది. మిగతావి రాలేదు. మర్నాడు అల్పపీడనం వాన పట్టుకుంది, మూడు రోజులు వదల్లేదు. గోడ మీదివి తడిసి రాలిపోయాయి. గట్టు మీది పెట్టెల్లో మిగిలినవి బయటి దారి ఎరగని పిల్ల ఈగలు. మేత తెచ్చేవి లేవు. స్టాండ్ల కింద చిప్పలు లేవు గనక చీమలు ఎక్కాయి. ఓపిక ఉన్నవి రాణితో సహా లేచి కాలవ దాటిపోయాయి. పదో పెట్టెలో రాణి మిగిలింది గానీ చుట్టూ గుప్పెడు ఈగలు కూడా లేవు. వారానికి అదీ లేదు.

వాన వెలిశాక అమ్మ గోడ వార ఈనెల చీపురుతో ఊడ్చి చేటకెత్తింది. రెండు చేటలయ్యాయి. కొబ్బరిచెట్టు మొదట్లో పోసి, "ఎరువవుతాయిలే," అంది. ఏడవలేదు. ఏడిస్తే నాకు తేలిగ్గా ఉండేది.

నెల తిరక్కుండా పంచాయతీ నుంచి కాగితం వచ్చింది. సదరు గృహస్థురాలు ఆదేశములను తక్షణమే పాటించినందున అర్జీ ముగించడమైనది. కింద ఆ రూలు కూడా శుభ్రంగా టైపు కొట్టి ఉంది. మా ఊళ్ళో తేనె పెట్టెలు ముప్పై అడుగుల దూరంలో ఉండాలి. ఇప్పటికీ ఉండాలి. పెట్టెలున్న ఇల్లు ఒక్కటీ లేదు.

ఈగలు పోయాక మాస్టారి దొడ్లో కాపు పోయిందని, ఆయన పశ్చాత్తాపపడి అమ్మ దగ్గరికి వచ్చారని మీరు ఎదురుచూస్తుంటారు. ఏం లేదు. ఆ ఏడు ఆయన ఆనపపాదు విరగకాసింది. మూడు కాయలు మాకు కూడా పంపించారు. అమ్మ పులుసు పెట్టింది. నేను తినలేదు. తర్వాత ఆకలేసి తిన్నాను.

మరుసటి వేసవిలో ఎక్కడి నుంచో వచ్చిన అడవి ఈగలు నా తెల్ల చున్నీ మీద చుక్కలు పెట్టాయి. నేను పొయ్యి మీద నీళ్ళు పెడుతుంటే అమ్మ వచ్చి చున్నీ లాక్కుని గాబు దగ్గర చన్నీళ్ళ బకెట్లో పడేసింది. గంట తర్వాత తీసి చూపించింది. ఒక్క చుక్క లేదు.

"నీకు ముందే తెలుసా ఇది?"

"ఆరేళ్ళు మన బట్టలు ఎవరుతికేరనుకున్నావు?"

"మరి మాస్టారింట్లో చెప్పలేదేం?"

"హెడ్మాస్టారి భార్యకి బట్టలుతకడం నేను నేర్పడవా? ఏవనుకుంటారే ఆవిడ?"

ఆ రోజు నేను అమ్మను చాలా మాటలు అన్నాను. జీవితంలో మొదటిసారి ఒక్క జోకు కూడా కలపకుండా అన్నాను. ఆవిడ మొత్తం విని, గోడ వైపు ఒకసారి చూసి, "మెల్లగానే. మాస్టారు పడుకుని ఉంటారు," అంది.

మీకెవరికైనా ఉపయోగపడొచ్చు: తేనెటీగల పసుపు చుక్కలు పడిన బట్టను గంటసేపు చన్నీళ్ళలో నానబెట్టి, మామూలు సబ్బు రాసి జాడించి, ఎండలో ఆరేస్తే చాలు. వేణ్ణీళ్ళు తగలనివ్వకూడదు.